పన్నెండేళ్లవాడిని ‘అంకుల్’ అన్నారు: అండర్-13 గ్రూపులో ఒక కేసు

పిల్లల పేర్లు, పేట, అకాడమీ, సంవత్సరం అన్నీ తీసేశాను, కొలతలు కూడా కొద్దిగా అటూ ఇటూ జరిపాను. హైదరాబాద్‌లో టర్ఫ్ అద్దెకు తీసుకుని నడిపే ఒక చిన్న ఫుట్‌బాల్ అకాడమీ అనుకుంటే చాలు. ఈ కేసులో ఇద్దరు పిల్లలు ముఖ్యం. ఒకడిని పెద్దోడు అంటాను, ఇంకొకడిని బుడ్డోడు అంటాను. పిల్లల్ని వయసు గ్రూపుల్లో పెట్టే కోచ్‌లకి, తల్లిదండ్రులకి పనికొస్తుందని రాస్తున్నా.

నేపథ్యం

మా దగ్గర గ్రూపులు అన్నిచోట్లా ఉన్నట్టే పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటాయి. అండర్-11, అండర్-13, అండర్-15, జనవరి 1 గీత. టోర్నమెంట్లన్నీ అదే లెక్కలో జరుగుతాయి కాబట్టి మేమూ అదే. స్కూల్ లెక్కేమో జూన్ నుంచి నడుస్తుంది, దాంతో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు ఫ్రెండ్స్ గ్రౌండ్‌కి వచ్చేసరికి వేర్వేరు గ్రూపుల్లో పడతారు, ఆ గొడవ ప్రతి ఏడాదీ ఉండేదే.

రెండేళ్లకి ఒక గ్రూపు అంటే, మొదటి ఏడాది జనవరిలో పుట్టినవాడికీ రెండో ఏడాది డిసెంబర్‌లో పుట్టినవాడికీ మధ్య దాదాపు రెండేళ్లు. దాని మీద ఇంకో తేడా కూడా కూర్చుంటుంది. మగపిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యే వయసు సగటున పదమూడున్నర, పద్నాలుగు. కానీ ఒకడికి అది పన్నెండుకే వచ్చేస్తుంది, ఇంకొకడికి పదిహేను దాటాక వస్తుంది, ఇద్దరూ పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. సర్టిఫికెట్ మీద ఒకే వయసున్న ఇద్దరి శరీరాల మధ్య మూడేళ్ల తేడా ఉండొచ్చు.

ఏం జరిగింది

పెద్దోడికి అప్పటికి పన్నెండు దాటి కొన్ని నెలలు. ఎత్తు 166 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. నూగు మీసం వచ్చేసింది, గొంతు మారిపోయింది. బుడ్డోడు వాడికంటే నాలుగు నెలలే చిన్న. 138 సెంటీమీటర్లు, 31 కిలోలు. ఇద్దరూ ఒకే స్పీడులో పరిగెత్తుకొచ్చి ఢీకొన్నా పెద్దోడు మోసుకొచ్చే ఊపు దాదాపు రెట్టింపు, పైగా వాడి స్పీడు కూడా ఎక్కువే.

ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఇద్దరికీ సమాన దూరంలో ఉన్న బంతి కోసం ఇద్దరూ వెళ్లారు, భుజానికి భుజం తగిలింది, బుడ్డోడు చెయ్యి ఆనించి పడ్డాడు, మణికట్టు దగ్గర ఎముక విరిగింది. టర్ఫ్ వాళ్ల కెమెరాలో రికార్డయిన వీడియో మళ్లీ మళ్లీ చూశాం. ఫౌల్ లేదు. బంతి ఆడగలిగే దూరంలో ఉంది, చేతులు ఒంటికే ఆనుకుని ఉన్నాయి, దూకుడు లేదు. ఈ విషయం చాలా ముఖ్యం, ఎందుకంటే ఫౌల్ అయి ఉంటే పెద్దోడికి టాకిల్ చేసే పద్ధతి నేర్పించి ఊరుకునేవాళ్లం. ఇద్దరూ రూల్ ప్రకారం ఆడినా ఎముక విరిగిందంటే, ఆ ఇద్దరినీ ఒకచోట పెట్టిన లెక్కనే ముందు చూడాలి.

తల్లిదండ్రులు మాత్రం వేరే లెక్కలోకి వెళ్లారు. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో మొదలైంది. బుడ్డోడి నాన్న మర్నాడు నా దగ్గరికొచ్చి, "సార్, ఆ పిల్లాడికి పన్నెండంటే మీరే నమ్ముతున్నారా? సర్టిఫికెట్‌లో ఏదో ఉంది, లేకపోతే ఎముకల టెస్ట్ చేయించండి" అన్నారు. కొడుకు చేతికి కట్టు ఉన్న మనిషితో ఆ టైమ్‌లో వాదించే పని పెట్టుకోలేదు. అంతకుముందు నుంచే బయటి జట్ల పిల్లలు పెద్దోడిని ‘అంకుల్’ అనేవాళ్లు. ఈ సంఘటన తర్వాత మావాళ్లూ మొదలుపెట్టారు.

సర్టిఫికెట్, ఎముకల టెస్ట్

వయసు మోసం లేదని కాదు, ఉంది. మన దగ్గర పాతతరం పుట్టినరోజుల్లో సగం జూన్ నెలలోనే ఎందుకున్నాయో అందరికీ తెలుసు, స్కూల్లో చేర్చేటప్పుడు మాస్టారు రాసిన తేదీలు అవి. ఇప్పటి పిల్లల్లో అది తగ్గింది కానీ ఆటల కోసం దిద్దించేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే అనుమానాన్ని కొట్టిపారేయకుండా ముందు సర్టిఫికెట్ చూశాం. అందులో పుట్టిన తేదీ కంటే రిజిస్ట్రేషన్ తేదీ ఎక్కువ చెబుతుంది. 1969 చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పిల్లాడు పుట్టిన రెండో వారంలోనే నమోదైన కాగితంలో, పన్నెండేళ్ల తర్వాత ఆడబోయే ఫుట్‌బాల్ కోసం ఎవరూ అబద్ధం రాయించరు. ఎనిమిదేళ్ల తర్వాత నమోదైతే అప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. పెద్దోడిది ఆస్పత్రిలో పుట్టిన వారానికే నమోదైంది. వయసు నిజమే.

అయినా టెస్ట్ చేయించమనే ఒత్తిడి తగ్గలేదు. ఇక్కడ గట్టిగా వద్దన్నాం, ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. టీడబ్ల్యూ3 అనేది ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి, ఎముకలు ఎంతవరకు ముదిరాయో చూసే పద్ధతి. మన దేశంలో జూనియర్ ఫుట్‌బాల్‌లోనూ క్రికెట్‌లోనూ వాడతారు. ఫిఫా వాళ్లు 2009 నుంచి అండర్-17 వరల్డ్ కప్‌లో మణికట్టు ఎంఆర్‌ఐ వాడుతున్నారు. ఈ టెస్టులు చెప్పేది ఎముకల ముదురు ఎంత అని మాత్రమే, పుట్టి ఎన్నేళ్లయిందో చెప్పవు. తొందరగా ఎదిగే పన్నెండేళ్లవాడికి ఎముకల వయసు పద్నాలుగు అని రావడం మామూలు విషయం. అంటే పెద్దోడికి టెస్ట్ చేయిస్తే ఏం వస్తుందో చేయించకముందే తెలుసు. ఆ కాగితం వాట్సాప్‌లోకి వెళ్లిన రోజు నుంచి నిజం చెప్పిన పిల్లాడు అబద్ధాలకోరు అయిపోతాడు. రేడియేషన్ చాలా తక్కువే, అది పెద్ద అభ్యంతరం కాదు. సమాధానం ఇవ్వలేని ప్రశ్నకి పిల్లాడిని మెషీన్ కింద పెట్టడం అభ్యంతరం.

పెద్దోడి అమ్మగారికి మాత్రం ఇంకో విషయం కూడా అప్పుడే చెప్పాను. రేపు అఫీషియల్ టోర్నమెంట్‌కి వెళితే అక్కడ ఈ టెస్ట్ పెట్టొచ్చు, వయసు నిజమైనా ఎముకలు ముదిరాయని ఆడనివ్వకపోవచ్చు. "మా ఇంట్లో అందరూ అంతే సార్, వాళ్ల నాన్న ఏడో క్లాసులోనే గడ్డం గీసుకున్నారట" అన్నారు ఆవిడ. ఆ మాట తర్వాత చాలా పనికొచ్చింది.

చేసి చూసినవి, పారనివి

అందరికీ మొదట తట్టేది పై గ్రూపుకి పంపేయడం. పంపాం. కారణం సూటిగానే ఉంది: సైజు సరిపోతుంది, బుడ్డోళ్లకి ప్రమాదం తప్పుతుంది, పెద్దోడికి గట్టి పోటీ దొరుకుతుంది. కాగితం మీద ముగ్గురికీ లాభం. కానీ వాడు శరీరంలో పద్నాలుగు, మిగతా అన్నిట్లో పన్నెండు. అండర్-15 వాళ్లు బంతి రాకముందే తర్వాతి పాస్ ఎక్కడికో చూసుకుంటారు, వీడు బంతి వచ్చాక తల దించుకుని పరిగెత్తేవాడు, ఎందుకంటే అప్పటిదాకా వాడికి అంతకు మించి అవసరం రాలేదు. రెండు వారాల్లో బంతి ఇవ్వడం మానేశారు. బ్రేక్‌లో వాళ్ల కబుర్లు వేరు, వీడు ఒక పక్కన కూర్చునేవాడు.

దాని మీద మోకాలి నొప్పి. అండర్-13 వాళ్లు నాలుగో సైజు బంతితో ఆడతారు, పైన ఐదో సైజు, బరువు ఎక్కువ, గ్రౌండ్ పెద్దది, షాట్లు ఎక్కువ. మోకాలి చిప్ప కింద ఉబ్బెత్తుగా ఎముక తేలి, ముట్టుకుంటే నొప్పి. డాక్టరు ఆస్‌గుడ్-ష్లాటర్ అన్నారు. తొడ కండరం స్నాయువు (టెండన్) ద్వారా కాలి ఎముకని లాగే చోట వచ్చే నొప్పి ఇది, ఎదుగుతున్న పిల్లల్లో అక్కడ ఎముక ఇంకా మెత్తగా ఉంటుంది. వేగంగా పొడుగవుతున్న సమయంలోనే వాడి మీద భారం పెంచాం. భద్రత అంటే బుడ్డోడి మణికట్టే కాదు, పెద్దోడి మోకాలు కూడా. అప్పటిదాకా ఈ గొడవలో ఆ మాట ఎవరి నోటా రాలేదు, నూట అరవై ఆరు సెంటీమీటర్లున్న పిల్లాడికి దెబ్బ తగులుతుందని ఎవరికీ తోచదు.

తర్వాత బరువు గ్రూపులు. ఇది కమిటీలో ఒక తండ్రి సూచన. న్యూజిలాండ్ జూనియర్ రగ్బీలో బరువు గ్రేడ్లు ఉన్నాయి, ఆలోచన అర్థం లేనిది కాదు. 45 కిలోల దగ్గర గీత గీశాం. రెండు విచిత్రాలు జరిగాయి. ఒకటి, ఇంకా ఎదుగుదల మొదలుకాని, కాస్త బొద్దుగా ఉన్న పదకొండేళ్ల పిల్లాడు 52 కిలోలు ఉన్నాడని పద్నాలుగేళ్ల వాళ్లలోకి వెళ్లాడు. వాడి ఎముకలు, వాడి స్పీడు, వాడి ధైర్యం అన్నీ పదకొండేళ్లవే, ఎక్కువున్నది కొవ్వు మాత్రమే. రెండోది ఇంకా ఘోరం. బరువు చూసే ఆదివారం ముందు రాత్రి అన్నం మానేస్తున్న పిల్లలు ఉన్నారని ఒక అమ్మగారు చెప్పారు. పెద్దోడు ఇంట్లో "ఎన్ని కిలోలు తగ్గితే మా ఫ్రెండ్స్‌తో ఆడనిస్తారు?" అని అడిగాడట. ఎదిగే వయసులో పిల్లల్ని తిండికి భయపెట్టే లెక్క ఏదైనా సరే, అది ఎంత న్యాయంగా కనిపించినా వద్దు. ఆ వారమే ఎత్తేశాం.

మూడోది, పెద్దోడిని అండర్-13లోనే ఉంచి వాడికి మాత్రం ప్రత్యేక రూల్స్ పెట్టడం: రెండు టచ్‌లకి మించి ఆడకూడదు, భుజం ఆనించకూడదు. ఢీకొనడాలు తగ్గాయి, నిజమే. కానీ వాడు ఆడటమే తగ్గించేశాడు. బంతి దగ్గరికి ఎవరొచ్చినా ఆగిపోయేవాడు. నా దృష్టిలో ఇది శిక్ష, తప్పు చేయనివాడికి.

ఇక్కడ మా సీనియర్ కోచ్ ఒకరు రహీం సాబ్ సంగతి ఎత్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం, 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో మనకి బంగారం తెచ్చిన హైదరాబాదీ కోచ్. ఆయన ఇక్కడ డ్రిబ్లింగ్ లేని టోర్నీలు, బలం లేని కాలితోనే ఆడాల్సిన టోర్నీలు పెట్టించారు. ఆ రూల్స్ గ్రౌండ్‌లో ఉన్న అందరికీ. ఒక్కడికే పెట్టిన రూల్ వాడిని వేలెత్తి చూపిస్తుంది, అందరికీ పెట్టిన రూల్ ఆటనే మారుస్తుంది. మా చర్చ అక్కడి నుంచి దారి మళ్లింది.

పనిచేసింది ఏమిటి

అప్పటిదాకా మేం వెతికింది సరైన గ్రూపు ఏదని. వయసా, ఎత్తా, బరువా అని. అలా ఒక్క గ్రూపుతో అన్ని పనులూ జరగవని తేలాక, ఏ పనికి ఏ గ్రూపు అని విడగొట్టాం.

మ్యాచ్‌లు, జట్టు, ఫ్రెండ్స్, టెక్నిక్ ప్రాక్టీస్, ఇవన్నీ పుట్టిన సంవత్సరం ప్రకారమే. పెద్దోడు తిరిగి అండర్-13కి వచ్చేశాడు. ఒంటికి ఒళ్లు తగిలే డ్రిల్స్‌లో మాత్రం, అంటే ఒకరి మీద ఒకరు, భుజం ఆనించి బంతి కాపాడుకోవడం లాంటివాటిలో, కోచ్ సైజు చూసి జతలు కడతాడు. జత కట్టడానికి త్రాసు అక్కర్లేదు, కళ్లు చాలు. చిన్నవాళ్ల డ్రిల్స్‌లో హెడ్డింగ్, అంటే తలతో బంతి కొట్టడం, తీసేశాం. అమెరికాలో 2015 నుంచి పదేళ్లు, అంతకంటే చిన్నవాళ్లకి అది లేదు, ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ స్కూల్ వయసు పిల్లలకి ట్రైనింగ్‌లో లేదు, మాకు ఎందుకు ఉండాలో ఎవరూ చెప్పలేకపోయారు.

అసలు మార్పు వారంలో ఒక సెషన్. దాన్ని శరీరం ఎదుగుదల ప్రకారం విడగొట్టాం. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీలు పదేళ్ల కిందట మొదలుపెట్టిన బయో-బ్యాండింగ్ అనే పద్ధతి ఇది. పిల్లాడు పెద్దయ్యాక ఎంత ఎత్తు అవుతాడో అంచనా వేసి, ఇప్పటికి అందులో ఎంత శాతం పూర్తయిందో చూస్తారు. అంచనాకి 1994లో వచ్చిన ఖామిస్-రోష్ పద్ధతి చాలు, ఎక్స్‌రే అక్కర్లేదు, పిల్లాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు కావాలి. పెద్దోడి అంచనా 178, అంటే 93 శాతం అయిపోయింది. బుడ్డోడి అంచనా 168, వాడు 82 శాతం దగ్గరున్నాడు. అండర్-15లో ఒక పిల్లాడున్నాడు, పద్నాలుగేళ్లు, 150 సెంటీమీటర్లు, అంచనా 172, అంటే 87 శాతం. వాడు నోరు తెరిచి ఏదీ చెప్పడు కానీ రెండేళ్లుగా బెంచ్ మీదే ఉన్నాడు, నెల నెలా ఫీజు కట్టి మరీ.

ఆ ఫార్ములా అమెరికాలో ఒహాయో పిల్లల కొలతల మీద కట్టింది, మన పిల్లలకి దశాంశాల దాకా నమ్మకూడదు. అందుకే నాలుగు బ్యాండ్లు (ఎదుగుదల శాతాన్ని బట్టి గ్రూపులు) కాకుండా రెండే పెట్టాం, 88 శాతం దగ్గర గీత, గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్లని కోచ్ చూసి నిర్ణయిస్తాడు. కొలతలు మూడు నెలలకోసారి, చెప్పులు లేకుండా, ఎప్పుడూ సాయంత్రమే, ఎందుకంటే పొద్దున్న కొలిస్తే మనిషి ఓ సెంటీమీటరు పొడుగ్గా ఉంటాడు. తల్లిదండ్రుల్ని కూడా గోడకి నిలబెట్టి మేమే కొలిచాం. నాన్నలు నోటితో చెప్పే ఎత్తు ఎప్పుడూ ఒక అంగుళం ఎక్కువే, ఐదడుగుల ఏడంగుళాల వాడెవడూ ఐదు ఏడు అని ఒప్పుకోడు, ఐదు ఎనిమిది అనే అంటాడు.

ఆ సెషన్‌లో పెద్దోడికి మొదటిసారి భుజం ఆనిస్తే కదలని పిల్లలు ఎదురయ్యారు. బంతి పోగొట్టుకుని, పోగొట్టుకుని, తల ఎత్తి పాస్ ఇవ్వడం నేర్చుకున్నాడు. మరి ఇదే వాడిని అండర్-15కి పంపినప్పుడు ఎందుకు జరగలేదు? అక్కడ వాడు ఒక్కడే చిన్నవాడు, ఇల్లు మారినట్టు మొత్తానికి వెళ్లిపోయాడు. ఇక్కడ వారానికి ఒక్కరోజు, గ్రూపులో ఇంకో ఇద్దరు ముగ్గురు తన వయసువాళ్లు, మర్నాడు మళ్లీ తన జట్టు. గ్రూపులకి పైన, కింద అని పేర్లు పెట్టలేదు, చొక్కా మీద వేసుకునే బిబ్ రంగులే పేర్లు.

పద్నాలుగేళ్ల పిల్లాడికి మొదట చిన్నతనంగా అనిపించింది, "చిన్నపిల్లలతోనా అన్నా?" అని మొహం మాడ్చుకున్నాడు. వాడికి ప్రెసింగ్, అంటే బంతి ఉన్న ఎదుటివాళ్ల మీదకి అందరూ కలిసి వెళ్లడం, ఎప్పుడు మొదలవ్వాలో అరిచి చెప్పే పని ఇచ్చాం. ఆటలో వాడి బుర్ర ఎంత ముందుందో మాకు అప్పుడు కనిపించింది. బలం అడ్డు తీసేస్తే కనిపించే ఆటగాళ్లు ప్రతి అకాడమీ బెంచ్ మీదా ఉన్నారని నా నమ్మకం.

కొలతల వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటి పెరిగినవాళ్ల పేర్ల పక్కన ఎర్ర చుక్క పెడతాం. ఆ పిల్లలకి గెంతులు, వరుస షాట్లు తగ్గిస్తాం, మడమ, మోకాలు నొప్పి గురించి ప్రతి వారం అడుగుతాం. పెద్దోడి మోకాలు భారం తగ్గించాక మెల్లగా కుదుటపడింది. బుడ్డోడు కట్టు విప్పాక తిరిగొచ్చాడు, వాళ్ల నాన్నే ఇప్పుడు కొలతల రోజు టేపు పట్టుకుంటారు.

ఏం తెలిసింది, ఏం మిగిలింది

ఇలాంటి ఫిర్యాదు వస్తే ఇప్పుడు నేను ముందు రెండు ప్రశ్నలు వేరు చేస్తాను: వయసు నిజమా, జత న్యాయమా. మొదటిది కాగితాల పని, రిజిస్ట్రేషన్ తేదీ చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. రెండోదానికి వయసు నిజమైనా అబద్ధమైనా సంబంధం లేదు. ఈ రెండూ కలిసిపోతే పొడుగ్గా ఉన్న ప్రతి పిల్లాడూ దొంగ అవుతాడు. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు సగటు గురించి చెప్పడం కంటే వాళ్ల సొంత ఏడో తరగతి ఫొటో గుర్తు చేయడం నయం. పెద్దోడి అమ్మ చెప్పిన గడ్డం కథని, ఆవిడ అనుమతితో, మీటింగ్‌లో చెప్పాం. అందరూ తమ క్లాసులో ఎవడికి ముందు మీసం వచ్చిందో చెప్పుకోవడం మొదలుపెట్టారు, గది చల్లబడింది.

ఆడపిల్లల విషయం మాత్రం సగమే తేలింది. వాళ్లు మగపిల్లల కంటే దాదాపు రెండేళ్లు ముందు ఎదుగుతారు. అండర్-13లో ఉన్న ఇద్దరమ్మాయిలు శాతం ప్రకారం పై బ్యాండ్‌లో పడతారు, కానీ ఆ బ్యాండ్‌లో అబ్బాయిల కండ బలం వేరే దారిలో పోతోంది. శాతం ఒకటే అయినా ఢీ ఒకటి కాదు. అందుకని వాళ్లని ఏ బ్యాండ్ అన్నది వాళ్లనే అడిగి, కాంటాక్ట్ డ్రిల్స్‌లో ఇద్దరినీ ఒకరికొకరు జత కడుతున్నాం. ఇంకో నలుగురు అమ్మాయిలు చేరితే తప్ప దీనికి సరైన దారి లేదు.

పెద్దోడికి ఇప్పుడు పద్నాలుగు. 175 దగ్గర ఆగుతున్నాడు, మిగతావాళ్లు అందుకుంటున్నారు, వాడి స్పీడు ఇప్పుడు గ్రూపులో మామూలే. సెంటర్ ఫార్వర్డ్ నుంచి మిడ్‌ఫీల్డ్‌కి జరిగాడు. జిల్లా సెలెక్షన్‌కి పంపాలా అని వాళ్ల అమ్మగారు అడిగారు. అక్కడ ఎముకల టెస్ట్ ఉంటే వయసు గ్రూపులో తీసేయొచ్చని మళ్లీ చెప్పాను, తీసేస్తే దాన్ని వాడికి ఎవరు, ఏ మాటల్లో చెప్పాలో ఇంట్లో ముందే అనుకోమన్నాను. ఫారం నింపి తీసుకెళ్లారు.